నల్లగొండ మౌన ధ్యానంలో తోడు నిలిచిన అక్కకు వందనాలు

నల్లగొండ దగ్గర మౌన ధ్యానానికి వచ్చిన నీలంచు చీర అక్కా, మీ పేరు అడిగే వీలే లేకపోయింది. ఫోన్లు ముందే తీసి పెట్టించారు, భోజనాల దగ్గర కూడా మాటల్లేవు.

16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్యాథలిక్ గురువు నేర్పిన పద్ధతి అది. సువార్తలో ఒక్క ఘట్టాన్నే తీసుకుని నెమ్మదిగా ధ్యానించాలి, రాత్రి ఆ రోజంతటినీ దేవుని ఎదుట తలచుకోవాలి. పూర్తి క్రమం 30 రోజులది. మాలాంటి సంసారుల కోసం కుదించి జరుపుతారు. వినడానికి తేలికే. కానీ అమ్మను పోగొట్టుకున్న నాకు ఆ నిశ్శబ్దంలో ఏడుపు తప్ప ప్రార్థన రాలేదు.

మీరు ఓదార్పు మాటలు చెప్పలేదు. చెప్పి ఉంటే లేచి వెళ్ళిపోయేదాన్నేమో. మంచినీళ్ల గ్లాసు నా చాప పక్కన పెట్టి, వెనుక వరుసలో కూర్చున్నారు. మధ్యాహ్నం నేను అన్నం కెలుకుతూ ఉంటే వంటగదిలోకి వెళ్ళి వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు తెచ్చారు. రొట్టె తుంచి మరీ నా కంచంలో పెట్టారు.

బైబిల్లో, బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు రొట్టె, నీళ్లే ఇచ్చాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తరువాతే. ఆ సాయంత్రం అమ్మను తలచుకుని ప్రార్థించగలిగాను.

మౌనం విడిచే వేళకు మీరు మిర్యాలగూడ బస్సు ఎక్కేశారట. ఆ అక్కను ఎరిగినవారు ఇది చదివితే, దయచేసి ఆమెకు చూపించండి.