మా మడిలో చల్లిన యూరియా ఎక్కడికి పోతోంది? వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఉత్తర తెలంగాణలో ఒక కాలువ చివరన మూడెకరాల వరి సాగు చేసుకునే రైతును. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి వేపచెట్టు కింద కూర్చున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. నా చెప్పుల ముందు నలభై మూడు జతలున్నాయి. వేరే పని లేక లెక్కపెట్టాను. రెండో రోజు మధ్యాహ్నానికి పాసుపుస్తకం నకలు చూసి, వేలిముద్ర వేయించుకుని రెండు బస్తాలు ఇచ్చారు. సాయంత్రానికల్లా రెండూ చల్లేశాను. బస్తాలు రాలేదన్న ఫిర్యాదు మీకు రోజూ అందుతూనే ఉంటుంది. వచ్చిన బస్తా ఏమైందో చెబుదామని ఈ ఉత్తరం.

ఆ రోజు మడిలో జానెడు నీళ్లున్నాయి. మబ్బు కూడా పట్టి ఉంది. నిండు నీళ్లలో యూరియా చల్లకూడదని నాకు తెలుసు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్లుగా చెబుతున్నదే: నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి, అప్పుడు పలుచగా నీళ్లు పెట్టాలి. కానీ కాలువ చివరన ఉన్నవాడు ఉన్న నీళ్లను వదులుకుంటే మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పేవారు లేరు. ఆ బస్తాలను దాచుకుని సగం ఇప్పుడు, సగం అంకురం దశలో, అంటే దుబ్బు లోపల కంకి మొదలయ్యేటప్పుడు, వేద్దామా అంటే అప్పటికే పైరు పసుపు తిరిగింది. అందరూ చల్లుతున్నారు. భయపడి నేనూ చల్లాను. రాత్రి వాన కొట్టింది, తెల్లారేసరికి గట్టు గండి పడింది.

మా కింది మడి ఆయనకు ఆ వారం ఒక్క బస్తా కూడా దొరకలేదు. అయినా పది రోజుల్లో ఆయన పైరు ముదురు పచ్చగా నల్లబడింది. ఏం వేశావన్నా అని అడిగితే నవ్వి, మా గండి వైపు చూపించాడు. ఆయన అదృష్టం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు లెండి. నల్లబడిన పైరును రసం పీల్చే సుడిదోమ వెతుక్కుంటూ వస్తుంది. రెండుసార్లు మందు కొట్టించాడు.

గండి నుంచి పోయింది కంటికి కనిపించింది కాబట్టి నవ్వుకున్నాం. కనిపించకుండా పోయేదే ఎక్కువ. 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల 700 గ్రాములు. వరి మడిలో వెదజల్లిన నత్రజనిలో పైరు తీసుకునేది మామూలుగా 30 నుంచి 40 శాతమే. కొంత మట్టిలో నిలుస్తుంది, మిగతాది పోతుంది. నిలువ నీళ్లలో యూరియా కరిగి రెండు మూడు రోజుల్లో అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. మధ్యాహ్నం ఎండలో మడి గట్టు మీద నిలబడి చూడండి, నాచు మీద సన్నని బుడగలు లేస్తుంటాయి. ఆ సమయంలో నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది, నీటికి క్షార గుణం పెరుగుతుంది. అలాంటి నీటిలో అమ్మోనియా నిలవదు, గాలి తోలితే లేచిపోతుంది. 2015 నుంచి యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. మంచి పనే, కానీ ఆ పూత ప్రధానంగా అమ్మోనియం రూపంలోని నత్రజని నైట్రేట్‌గా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. నిలువ నీళ్ల మీద నుంచి లేచిపోయే అమ్మోనియాను అది పెద్దగా ఆపలేదు.

మడి ఒకసారి ఆరి, మళ్లీ తడిస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. ఆరినప్పుడు నైట్రేట్‌గా మారినదాన్ని, నీళ్లు నిలవగానే మట్టిలోని సూక్ష్మజీవులు వాయువుగా మార్చేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 273 రెట్లు. ఇసుక పాలు ఎక్కువున్న చల్కా నేలల్లో నైట్రేట్ నీళ్లతోపాటు కిందికి దిగి బోరుబావుల్లో తేలుతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. కేంద్ర భూగర్భ జల మండలి నివేదికల్లో ఆ హద్దు దాటిన చోట్లలో మన జిల్లాలూ ఉన్నాయి.

కాబట్టి అయ్యా, మీరు ఢిల్లీకి రాసే ప్రతి ఉత్తరంలోనూ ఇన్ని లక్షల టన్నులు కావాలని అడుగుతున్నారు, అడగాల్సిందే. 1999లో మూతపడిన రామగుండం కర్మాగారం 2021లో మళ్లీ యూరియా తీయడం మొదలుపెట్టినప్పుడు మేమూ సంతోషించాం. కానీ కొరత భయమే మా చేత ఎరువును వృథా చేయిస్తోందన్న సంగతి ఎవరి సమీక్షలోనూ వినిపించడం లేదు. మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం ఉంటే ఒక్కసారిగా అవసరానికి మించి ఎవరూ చల్లరు. లారీ వచ్చిన రోజే మాకు పైమందు (నిలబడ్డ పైరుకు చల్లే ఎరువు) రోజు అవుతోంది. పైరుకు దాని లెక్క దానికుంది: దమ్ములో కొంత, పిలకలు వేసేటప్పుడు కొంత, అంకురం దశలో కొంత. ఈ మూడు వాయిదాలకు సరిపడా బస్తాలు మా క్లస్టర్‌కు, అంటే ఒక విస్తరణాధికారి కింద ఉన్న ఊళ్లకు, ఏ వారంలో వస్తాయో నాట్లకు ముందే బోర్డు మీద రాయించండి. రాసిన తేదీకి ఇవ్వండి. ఆ వారమే కాలువ వంతు ఎటు తిరుగుతుందో నీటిపారుదల శాఖతో మాట్లాడి అదే బోర్డు మీద రాయించండి. ఎన్ని బస్తాలు అన్నదాని కంటే ముందు నాకు కావలసినది ఈ రెండు తేదీలు.

ఇంకొకటి, చాలా చౌకైనది. ఆకు రంగు పట్టిక. లేత ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ వరకు గీతలున్న ప్లాస్టిక్ ముక్క, చేతి స్కేలు అంత ఉంటుంది. నాటిన రెండు వారాల తర్వాత, వారం పది రోజులకోసారి మడిలో దిగి, పది దుబ్బుల్లో పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును, తెంపకుండా, మన నీడలోనే పెట్టి పట్టికతో పోల్చాలి. పదింటిలో ఆరు ఆకులు నిర్ణయించిన రంగు కంటే పాలిపోయి ఉంటేనే యూరియా. తెలిసిన విస్తరణాధికారి ఒకరు ఇచ్చిన పట్టికతో గత యాసంగిలో ఒక ఎకరంలో ప్రయత్నించాను. బస్తా మిగిలింది, దిగుబడి తగ్గలేదు. ఒక్క రైతు ఒక్క పంట లెక్కతో ఏమీ తేలదని నాకూ తెలుసు. అందుకే రాష్ట్రంలోని 2,601 రైతు వేదికల్లో ఒక్కోదాని పరిధిలో ఐదారు మడులనైనా ఇలా చేయించి చూడమంటున్నాను. సమావేశాలు లేని రోజుల్లో ఆ భవనాలకు తాళాలే కదా.

ఆకుల మీద పిచికారీ చేసే సీసా మందు, నానో యూరియా సంగతి క్లుప్తంగా. యూరియా బస్తా కావాలంటే సీసా కూడా కొనాల్సిందే అని లింకు పెట్టే దుకాణాలను మీరు కట్టడి చేస్తామన్నారు, చేయండి. మొదట వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. ఇప్పుడు 20 శాతం చేశారు, 100 గ్రాములు అనుకుందాం. బస్తాలో 20 కిలోలకు పైగా ఉంది. ఇంత తేడాను ఎలా పూడుస్తుందో మా మడుల్లోనే పోటీ పెట్టి చూపించండి, అప్పుడు అడగకుండానే కొంటాం.

ఖర్చు గురించి అంటారేమో. 2023లో కేంద్రం తెచ్చిన పీఎం ప్రణామ్ పథకం కింద, రసాయన ఎరువుల వాడకం గత మూడేళ్ల సగటు కంటే తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీలో 50 శాతం తిరిగి వస్తుందని చెప్పారు. 60 లక్షల ఎకరాలు దాటి వరి వేస్తున్న రాష్ట్రం మనది. పట్టికలకూ బోర్డులకూ ఆ డబ్బులో చిల్లర చాలు.

యాసంగి నాట్లు పడ్డాక, ఏదో ఒక రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మా వైపు రండి. సభ వద్దు, శాలువా వద్దు. చెప్పులు విప్పి గట్టు మీద కాసేపు నిలబడితే చాలు, ఆ బుడగలు మీకూ కనిపిస్తాయి. గండి పూడ్చాను, జారరు.

ఇట్లు,
కాలువ చివరి రైతు