వార్షిక నివేదిక 2024–25: షుగర్ యాప్, గురువారం ఫోన్లు

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు మరమ్మతు, పార్కు గోడ, వినాయక చవితి పందిరి లెక్కలు కోశాధికారిగారు విడిగా చదువుతారు. నా వంతు షుగర్ కార్యక్రమం. పోయినేడు సర్వసభ్య సమావేశంలో పట్టుబట్టి దీన్ని పెట్టించింది నేనే కాబట్టి, కుదిరిందీ కుదరందీ రెండూ నేనే చెప్పాలి.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మన వీధిలో తలుపు తట్టి అడిగితే ఆ లెక్క తక్కువేమో అనిపిస్తుంది. డాక్టరుగారి దగ్గర మనకు దొరికేది మూడు నెలలకోసారి ఐదు నిమిషాలు. మిగతా రోజులన్నీ మనమూ, మన కంచమూ. ఆ రోజుల్లో ఫోన్ యాప్ తోడుంటుందని అనుకున్నాం.

జూన్‌లో కమ్యూనిటీ హాల్లో మన పిల్లలే అందరి ఫోన్లలో యాప్ ఎక్కించి, గ్లూకోమీటర్ రీడింగు, తిన్నది, నడిచింది, వేసుకున్న మాత్ర ఎలా నమోదు చేయాలో చూపించారు. రెండు వారాలు అందరూ హుషారుగా చేశారు. ఆ తర్వాత రీడింగు బాగుంటేనే ఎక్కించడం, 240 వస్తే ఫోన్ పక్కన పెట్టేయడం మొదలైంది. నేనూ అంతే. గ్రాఫులు చూసినవాళ్ళెవరైనా మన కాలనీలో షుగరే లేదనుకుంటారు.

అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. యాప్ ‘అన్నం ఎన్ని కప్పులు?’ అని అడుగుతుంది. ఎవరింటి కప్పు? మనం వడ్డించేది గరిటెతో, ఆపైన మారు వడ్డన. మన కాలనీలోనే ఉంటున్న రిటైర్డ్ నర్సుగారు ఒక ఆదివారం వంటింటి తూకం మిషన్ తెచ్చి, ‘ఇంట్లో రోజూ పెట్టుకునేంత పెట్టుకోండి’ అన్నారు. నా కంచంలో అన్నం 340 గ్రాములు తూగింది. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. అంటే పప్పు, పెరుగు కలపకముందే నాకు 95 గ్రాములు. యాప్‌లో మాత్రం రోజూ ‘1 కప్పు’ అని కొడుతున్నాను! ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళు కూడా తమ వంతు వచ్చేసరికి సగం అన్నం గిన్నెలోకి తీసేశారు. తర్వాత చాలామంది ఇంట్లో గరిటెడు అన్నం తూచి, ఆ అంకె ఫ్రిజ్ మీద అంటించుకున్నారు. (బెల్లం పూతరేకులు తినొచ్చా అని ఇప్పటికీ అడుగుతున్నారు. బెల్లమైనా చక్కెరైనా రక్తంలో షుగర్ పెంచేదే.)

కార్తీక సోమవారం జరిగింది కూడా ఇక్కడ చెప్పాలి. ఉపవాసం ఉన్న ఒక పెద్దావిడ, ఫోన్ మోగగానే అలవాటుగా షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసేసుకున్నారు. మాత్ర టైమ్ యాప్‌కి తెలుసు, కార్తీక మాసం తెలీదు. పదకొండింటికి చెమటలు, వణుకు. ఎదురింటివాళ్ళు వేలు గుచ్చి చూస్తే షుగర్ 58కి పడిపోయి ఉంది. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూశారు. 70 దాటాక ఇంత అన్నం పెట్టారు. ఎదురింటివాళ్ళకు ఇదంతా హాల్లో నేర్పినదే. ఉపవాసం ఉండేవాళ్ళు ఆ రోజు మాత్ర సంగతి ముందే డాక్టర్ని అడగాలి. సొంతంగా మానకూడదు, మార్చకూడదు.

ఆ వారం నుంచే నర్సుగారు గురువారం ఫోన్లు మొదలుపెట్టారు. ఆవిడ ముందు రీడింగు అడగరు. ‘నిన్న రాత్రి ఏం తిన్నారు? అరికాళ్ళు చూసుకున్నారా?’ అంటారు. యాప్‌కి చెప్పని 240 ఆవిడకి చెప్పేశాం. ఇది మన ఒక్కరి అనుభవం కాదు. 2011లో అమెరికాలో మేరీల్యాండ్ పరిశోధకులు మొబైల్ ప్రోగ్రామ్‌కి సలహాదారుల్ని, డాక్టరుకు అందే రిపోర్టుల్ని జోడించి చూస్తే, ఏడాదిలో మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, 1.9 శాతం పాయింట్లు తగ్గింది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళకి తగ్గింది 0.7.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. యాప్‌లో పేరు నమోదు చేసిన వారానికే కొందరికి ‘ఏడాది ప్యాకేజీ తీసుకోండి’ అని ఫోన్లు మొదలయ్యాయి. మన కాంటాక్టులు చూడ్డానికి అనుమతి అడిగితే ఇవ్వకండి. రీడింగు రాసుకోవడానికి మన కాంటాక్టులతో పనేమిటి?

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఆలోచన ఇది. అంచున ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలకి, యాప్ బదులు తెలుగులో మెసేజీలు పంపుదాం. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఉద్యోగాలు చేసే మగవాళ్ళకి రెండేళ్ళపాటు మామూలు ఎస్ఎంఎస్‌లే పంపారు. మెసేజీలు అందుకున్నవాళ్ళలో 18 శాతం మందికి షుగర్ వస్తే, అందుకోనివాళ్ళలో 27 శాతం మందికి వచ్చింది. మనకూ అంత ఫలితం వస్తుందని హామీ ఇవ్వలేను గానీ, ఖర్చు దాదాపు లేదు.

నర్సుగారు ఒక్కరే అందరికీ ఫోన్ చేయలేకపోతున్నారు. గురువారం సాయంత్రం గంటసేపు ఫోన్ పట్టుకోగలిగినవాళ్ళు ఇద్దరు కావాలి. వైద్యం తెలియక్కర్లేదు, ఏం అడగాలో ఆవిడ నేర్పుతారు. పేరు ఈ రోజే నాకు ఇవ్వండి. అలాగే వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకండి, పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటున్నాయి. హాల్లో మూతున్న గట్టి డబ్బా పెట్టాం, అందులో వేయండి.

— కార్యదర్శి