కొత్తిమీర వద్దు నాన్నా

ఒరేయ్ బుడంకాయ్,

ముందు ఒక రౌండు తిట్టేసుకో. నీ మెసేజీలకి జవాబివ్వలేదు, ఫోన్లెత్తలేదు, సంక్రాంతికి పంపిన అరిసెల డబ్బా అందిందని కూడా చెప్పలేదు. అరిసెలు ఎప్పుడో అయిపోయాయి, డబ్బాలో ఇప్పుడు ఎండుమిరపకాయలు ఉన్నాయి. నిజానికి ఇది నీకు రాస్తున్న మూడో ఉత్తరం. మొన్న డ్రాయర్ సర్దుతుంటే సగం సగం రాసినవి రెండు దొరికాయి, రెండిట్లోనూ ఇవే అరిసెలు, ఇదే క్షమాపణ. ఒకటి రాశానని మర్చిపోయి రెండోది మొదలెట్టానన్నమాట. నవ్వకు. సరే నవ్వుకో, నేనూ నవ్వా.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యలేకే రాస్తున్నా. ఫోన్లో నువ్వు ఒకటి చెప్తూ చెప్తూ ఇంకోదాంట్లోకి దూకుతావు, మధ్యలో ఎవడో హారన్ కొడతాడు, నేను నీ మొదటి మాటకి నవ్వేసరికి నువ్వు మూడోదాంట్లో ఉంటావు. కాగితమైతే కదలకుండా కూర్చుంటుంది.

ఇంటి కబుర్లు గబగబా: చిన్నది నాలుగో క్లాసు, కన్నడం మా అందరికన్నా బాగా మాట్లాడుతోంది. మీ చెల్లెలిని స్కూల్లో పర్మనెంట్ చేశారు. అద్దె రెండు వేలు పెంచారు. అమ్మ ఉగాదికి వచ్చి నన్ను దాదాపు చంపి వెళ్లింది, అది తర్వాత చెప్తా. అసలు సంగతి ఏంటంటే మొన్న మంగళవారం నాకు పరీక్ష పెట్టార్రా. రక్తపరీక్ష కాదు, ఎమ్మారై కాదు. బుర్రకి పరీక్ష. పక్కా మన లెక్కల మాస్టారి టైపు, నిలబెట్టి అడిగే పరీక్ష. ఫెయిలయ్యా. అదే చెప్దామని చచ్చిపోతున్నా నాలుగు రోజుల్నుంచి.

కానీ కొత్తిమీర దగ్గర్నుంచి చెప్పకపోతే నీకు అర్థం కాదు.

2019లో నా కుడికన్ను మసకేసి ఎంఎస్, అదే మల్టిపుల్ స్క్లెరోసిస్, అని తేలినప్పుడు నువ్వు రాత్రి బస్సెక్కి వచ్చావు చూడు, స్టెరాయిడ్ డ్రిప్ పక్కన కూర్చుని అమ్మకి నువ్వే విడమర్చి చెప్పావు, "నరాల మీద మైలిన్ అని ఒక పొర ఉంటుంది పిన్నీ, కరెంటు వైరు మీద తొడుగులాగా, వీడికి అది అక్కడక్కడా ఊడిపోతోంది" అని. ఆవిడ ఇప్పటికీ టేపు చుట్టించుకోరాదట్రా అంటుంది. సరే. కన్ను సంగతి నీకు చెప్పా, కాలి తిమ్మిర్లు చెప్పా, మందుల రేట్లు చెప్పి నిన్ను ఏడిపించా. బుర్ర సంగతి మాత్రం చెప్పలా. ఎవరికీ చెప్పలా.

మూడేళ్లుగా ఉందిరా. మతిమరుపు అంటే సరిగ్గా అది కాదు, ఎలా చెప్పాలి... ఆఫీసు కాల్‌లో నలుగురు మాట్లాడుతుంటే నేనింకా రెండోవాడి మాట నములుతూ ఉంటా, ఇంతలో నా పేరు పిలుస్తారు, నేను మ్యూట్‌లో ఉండిపోయినట్టు నటిస్తా. ఆ మ్యూట్ బటన్ కనిపెట్టినవాడికి గుడి కట్టించాలి. ఇంకోటి, మాటలు దొరకవు. ఒకరోజు దోసె పోస్తూ మీ చెల్లెల్ని "అది ఇటివ్వు" అన్నా. ఏది? "అదే, దోసెని తిరగేసేది". వస్తువు కనిపిస్తోంది, దాని పేరు మాత్రం గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. దోసె మాడింది. రాత్రి పదకొండింటికి చీకట్లో "అట్లకాడ!" అని అరిచా, పాపం ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

ఇవన్నీ నవ్వులాటగానే జరిగిపోయేవి. ఫిబ్రవరిలో ఒక శనివారం మాత్రం నవ్వు రాలేదు. మీ చెల్లెలు వంటింట్లో మిక్సీ వేస్తోంది, వేస్తూనే చెప్పింది, నాలుగింటికి చిన్నదాన్ని డాన్స్ క్లాసు నుంచి తీసుకురా, వచ్చేటప్పుడు కొత్తిమీర, గ్యాస్ వాడికి ఫోన్ చెయ్, అని. నేను ఊఁ అన్నా. విన్నాననే అనుకున్నా. బయల్దేరి వెళ్లి మంచి కొత్తిమీర ఏరి, రెండు కట్టలు, వేళ్లకి మట్టి కూడా దులిపించి, బేరమాడి, గర్వంగా ఇంటికొచ్చా. తలుపు తీసి మీ చెల్లెలు నా చేతిలోకి చూసింది, నా వెనక్కి చూసింది. "చిన్నదేదీ?"

నేను కొత్తిమీర చూపించా. ఒట్టు, అదే చేశా. కట్ట ఎత్తి చూపించా.

చిన్నది ఆ డాన్స్ టీచరు ఇంటి మెట్ల మీద ఒక్కతే, గజ్జెల సంచీ ఒళ్లో పెట్టుకుని, యాభై నిమిషాలు కూర్చుంది. ఏడవలేదు. స్కూటర్ ఎక్కేటప్పుడు "నువ్వు మర్చిపోయావా నాన్నా" అనడిగింది, లేదమ్మా ట్రాఫిక్ అన్నా. దానికి తెలుసు అబద్ధమని. నాకు ఇప్పటికీ ఆ గజ్జెల సంచీ...

వదిలెయ్. ఆ రాత్రి మీ చెల్లెలు అరవలేదు. అరిచినా బాగుండేది. "నీకు మేమంటే లెక్కలేదు, వినాలనిపిస్తేనే వింటావు" అంది అంతే. దానికి ఏం చెప్పాలో వెతుక్కునేలోపు లైటు తీసేసింది.

తర్వాత న్యూరాలజీ చెకప్‌కి ఆవిడే నాతో వచ్చి డాక్టరు ముందు మొత్తం కక్కేసింది, అట్లకాడతో సహా. ఆయన తాపీగా విని, బుర్ర పనితీరు చూసే సైకాలజిస్టు దగ్గరికి రాసిచ్చాడు. అదీ మంగళవారం పరీక్ష.

చిన్న గది, ఏసీ, ఎదురుగా ఒక కన్నడ మేడమ్, చాలా మర్యాదస్తురాలు. మొదట ఒక కాగితం ఇచ్చింది. పైన వరసలో తొమ్మిది పిచ్చి గుర్తులు, ఒక్కోదాని కింద 1 నుంచి 9 దాకా ఒక్కో అంకె. కింద పేజీ నిండా అవే గుర్తులు చిందరవందరగా, అంకెలు లేకుండా. పైన చూసుకుని కింద గుర్తుకి ఏ అంకెనో పైకి చెప్తూ పోవాలి, 90 సెకన్లు. రాయక్కర్లేదు, ఎందుకంటే మాలాంటి వాళ్లకి చెయ్యి సరిగా ఆడకపోవచ్చు, అప్పుడు చేతి మార్కులు బుర్ర ఖాతాలో పడతాయి. పిల్లలాట అనుకున్నా. మూడో వరసకొచ్చేసరికి చెమట పట్టింది. ప్రతి గుర్తుకీ పైకి వెళ్లి రావాలి, ఇందాక చూసిన గుర్తుకి కూడా మళ్లీ వెళ్లాలి. మొత్తం 34 చెప్పా. నా వయసు, నా చదువు ఉన్నవాళ్లు 50 దాటడం మామూలేనంట.

తర్వాతది ఇంకా దారుణం. రికార్డింగులో ఒక గొంతు మూడేసి సెకన్లకి ఒక అంకె చెప్తుంది. కొత్త అంకెని దాని ముందు అంకెతో కూడి చెప్పాలి. 3, 5 అంటే 8 అన్నా. వెంటనే 7 అంటుంది. నువ్వైతే ఏమంటావు? 15 అంటావు, నేనూ అదే అన్నా. తప్పు. నువ్వు చెప్పిన 8ని మర్చిపోవాలి, ఆ గొంతు చెప్పిన 5ని గుర్తుపెట్టుకోవాలి, 12. నా జవాబుని నేనే మర్చిపోవాలంటరా! మర్చిపోవడంలో నన్ను మించినవాడు లేడనుకుంటే అక్కడ కావాల్సినప్పుడు మర్చిపోలేకపోయా. నేను తెలుగులో కూడుకుని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేలోపు ఇంకో అంకె వచ్చి పడుతోంది. పదమూడో ఎక్కం గాల్లో చెప్పినవాణ్ణిరా నేను, పదమూడు పదమూళ్లు నూట అరవై తొమ్మిది అని మొత్తం క్లాసుకి వినపడేలా, దానికే కదా మాస్టారు నాకు ఆ పుచ్చకాయ ఇప్పించింది. (పుచ్చకాయ సంగతి మీ ఆవిడకి చెప్పలేదుగా?) అలాంటిది 5కి 7 కూడలేక మధ్యలో ఆపెయ్యమన్నా. కళ్లల్లో నీళ్లొచ్చాయి, ఏసీ గాలి అన్నా. దీన్ని అందరూ తిట్టుకుంటారు సార్, ఇప్పుడు చాలాచోట్ల పెట్టడం కూడా తగ్గించేశారు అందా మేడమ్. మరి నాకెందుకు పెట్టినట్టో.

ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు అంది. ఆవు, గేదె, మేక, కుక్క, పిల్లి, ఏనుగు... అంతే, రోడ్డు అయిపోయింది. గోడ వంక చూస్తున్నా, సెకన్లు పోతున్నాయి, బుర్రలో ఒకే ఒక్క ముఖం కనిపిస్తోంది, ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు, ఆ ప్యాంటు, ఆ బెత్తం. "లెక్కల మాస్టారు" అని పైకి అనేశా! మేడమ్ "అది ఏ జంతువు సార్?" అంటూ రాసుకోబోయింది.

ఇంక అసలు మలుపు. ముందే 16 మాటల లిస్టు ఒకటి అయిదుసార్లు చదివి వినిపించి, ప్రతిసారీ గుర్తున్నవి చెప్పించుకుంది. మొదటిసారి నాలుగు చెప్పా. రెండోసారి ఏడు. అయిదోసారికి 13 అయ్యాయి. చివర్లో, అరగంట తర్వాత అనుకుంటా, ఇవన్నీ అయిపోయి నేను పిండేసిన గుడ్డలా ఉన్నప్పుడు, ఆ మాటలు మళ్లీ చెప్పమంది. నావల్ల కాదన్నా. ప్రయత్నించండి, దీనికి టైమ్ లెక్క లేదు, అంది. ఒక్కొక్కటే వచ్చాయిరా. 12 వచ్చాయి.

అప్పుడు బయట కూర్చున్న మీ చెల్లెల్ని లోపలికి పిలిచి ఆ మేడమ్ చెప్పిన మాట నేను చచ్చేదాకా మర్చిపోను (మర్చిపోతే గుర్తుచెయ్). బెంగళూరులో ప్రతి ఇంటికీ కింద సంప్ ఉంటుంది కదా, నీళ్లు నిలవచేసుకునేది. "మీ సంప్ బాగానే ఉంది సార్, పగల్లేదు. లోపలికొచ్చే పైపు సన్నబడింది. మెల్లగా పోస్తే నిండుతుంది, నాలుగు బిందెలు ఒకేసారి కుమ్మరిస్తే బయటికి పోతుంది." ఎంఎస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక మోతాదులో ఇలా ఉంటుందంట, అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి సంపే దెబ్బతింటుంది, కానీ ఎక్కువగా ముందు తగ్గేది ఈ వేగమేనంట. బాగా నడిచేవాడికీ ఉండొచ్చు, చక్రాల కుర్చీలో ఉన్నవాడికి లేకపోవచ్చు. ఇంకో సంగతి, 1868లోనే పారిస్‌లో షార్కో అనే డాక్టరు ఈ జబ్బు గురించి చెప్తూ జ్ఞాపకం సన్నగిల్లుతుంది, ఆలోచన నెమ్మదిస్తుంది అని చెప్పాడంట. పారిస్‌లో ఒకాయనకి నూటయాభై ఏళ్ల కిందట తెలిసింది, మా వంటింట్లో మొన్నటిదాకా తెలీలేదు.

మీ చెల్లెలు ఒక్క ప్రశ్న అడిగింది. "మిక్సీ నడుస్తున్నప్పుడు చెప్తే?" మేడమ్ నవ్వి, "మిక్సీ ఆపి చెప్పండి" అంది.

వచ్చేటప్పుడు ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఆగిపోయాక అంది, "మూడేళ్ల నుంచీ తెలుసుగా నీకు. నాకెందుకు చెప్పలేదు?" నేను వెతుక్కున్నా. మామూలుగా అయితే ఈపాటికి ఇంకో ప్రశ్న వేసేది, లేదా తనే జవాబు చెప్పేసేది. ఈసారి ఆగింది. నా మొహం కూడా చూడకుండా, రోడ్డు వంక చూస్తూ ఆగింది. సిల్క్ బోర్డు దాటేదాకా ఆగింది, సిల్క్ బోర్డు దాటడమంటే ఎంతసేపో నీకు తెలుసు, నువ్వు ఒకసారి దిగి టీ తాగొచ్చావు కూడా. దాటాక చెప్పా, "పిచ్చోణ్ణయిపోతున్నానేమో అని భయం". అంతే చెప్పా. ఇంకా చాలా ఉంది చెప్పాల్సింది కానీ...

అదిసరే, అమ్మ సంగతి. ఉగాదికి తలంటు పోస్తానని మొండికేసింది, కుంకుడుకాయ రసం, సలసల కాగే నీళ్లు, నాలుగు చెంబులు. అయిదో చెంబుకి కళ్లు మసకేసి నేనెక్కడున్నానో అయోమయం, పీట మీద నుంచి జారబోయా. వేడి మా ఒంటికి పడదురా, అర డిగ్రీ పెరిగినా ఆ తొడుగు లేని నరాలు మొరాయిస్తాయి, చల్లబడితే సర్దుకుంటాయి. 1890లో ఊత్‌హోఫ్ అనే జర్మన్ డాక్టరు ఒంటికి శ్రమ పెడితే చూపు మసకేస్తుందని రాశాడంట, వేడి సంగతి తర్వాత తేలిందంట. ఎమ్మారైలు లేని రోజుల్లో డాక్టర్లే ఈ జబ్బు ఉందో లేదో చూడ్డానికి మనిషిని వేణ్నీళ్ల తొట్లో కూర్చోబెట్టేవాళ్లంట. అమ్మకి చెప్తే, "చూశావా, నేను ముందే కనిపెట్టా" అంది.

ఈ బుర్ర సంగతికంటూ పనికొచ్చే మాత్ర ఇప్పటికి లేదంట. కసరత్తు, నిద్ర, ఒకసారికి ఒకటే పని, రాసుకోవడం, బుర్రకి కొన్ని సాధనలు, అవి వచ్చే వారం మొదలు. ఇంకా ముదురుతుందా అనడిగితే మేడమ్ ఏడాది తర్వాత మళ్లీ కొలుద్దాం అంది. రాత్రిపూట ఆ మాట చుట్టూ తిరుగుతుంటా. పగలు పర్లేదు.

చిన్నది ఆ గుర్తుల ఆట ఇంట్లో తనే తయారుచేసింది, త్రిశూలం, చేప, వంకర జడ అలాంటివేవో గీసి, ఫోన్లో 90 సెకన్లు పెట్టి. అది 41, వాళ్లమ్మ 52, నేను 31. ఓడినవాడు అంట్లు తోమాలి. నాలుగు రోజులుగా నేనే తోముతున్నా, అట్లకాడ కూడా. ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించింది, "నాన్నకి ఒకటే చెప్పాలి, రెండోది రాసివ్వాలి". డాన్స్ క్లాసుకి దింపినప్పుడల్లా మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి అరుస్తుంది, "కొత్తిమీర వద్దు నాన్నా!" అక్కడున్న మిగతా తల్లిదండ్రులు నాకు కొత్తిమీర పడదేమో అనుకుంటున్నారు.

నిన్ను అడగాల్సింది ఒకటుంది, ఆఫీసులో చెప్పాలా వద్దా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పెట్టిన 21 వైకల్యాల్లో ఎంఎస్ కూడా ఉంది, కాగితం మీద బానే ఉంది, కానీ మనిషిని చూస్తే బానే నడుస్తున్నాడు, బానే మాట్లాడుతున్నాడు, ఇక మా మేనేజరు ఏమంటాడంటే

అలారం మోగింది. మూడూ నలభై. డాన్స్ క్లాసు. దార్లోనే పోస్ట్ డబ్బా ఉంది, ఇది జేబులో పెట్టుకుని వెళ్తున్నా. ఫోన్ చెయ్, కానీ మెల్లగా మాట్లాడు.

నీ
పుచ్చకాయ్