బులవాయో పుస్తకాలకు ఒక స్టాలు

సంపాదకులకు,

బుక్ ఫెయిర్ అనగానే పెద్ద ప్రచురణకర్తల గురించే మాట్లాడుకుంటాం. జింబాబ్వేలో రెండో పెద్ద నగరమైన బులవాయోలో మొదలైన 'అమాబుక్స్' గురించి కూడా మన పాఠకులకు తెలియాలి. ఈ చిన్న సంస్థ 2003 నుంచి ఆ ఊరివాళ్ల రచనలను సంకలనాలుగా తెచ్చింది. పేరున్నవారి పక్కనే కొత్తగా కలం పట్టినవారికీ చోటిచ్చింది. 2008లో అక్కడ ధరలు పూటకోసారి మారేవి, రొట్టె కొనడానికే నోట్ల కట్టలు మోసుకెళ్లేవారు. ఆ ఏడాది కూడా సంకలనం వెలువడింది. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

ఆ దేశంలో పేరున్న అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన 1983లో హరారేలో మొదలైంది. బులవాయో నుంచి అది నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. రవాణా ఖర్చు, స్టాలు అద్దె పోను చిన్న ప్రచురణకర్తకు ఏం మిగులుతుంది? అయినా పాఠకుడు పుస్తకం చేతిలోకి తీసుకుని, రెండు పేజీలు తిరగేసి, రాసినవారితో మాట్లాడే వీలుండేది అక్కడే. స్థానిక రచనలు అమ్మేవారికి ఎక్కడైనా అద్దె తగ్గించాలి.

హైదరాబాద్ బుక్ ఫెయిర్ నిర్వాహకులు ఆఫ్రికా చిన్న ప్రచురణకర్తలకు ఒక్క స్టాలైనా కేటాయించాలని నా విన్నపం. అక్కడి ప్రచురణకర్తలే యజమానులుగా ఉన్న 'ఆఫ్రికన్ బుక్స్ కలెక్టివ్' ద్వారా ఆ పుస్తకాలు తెప్పించుకోవచ్చు.

– ఒక పాఠకురాలు, వరంగల్