84వ బంతి

తెనాలి,
మంగళవారం రాత్రి

చిన్నూ నాన్నా,

ఏడేళ్లు ప్రతి ఆదివారం తెలుగు బడికి కారులో తిప్పినందుకు ఇవాళ గురుదక్షిణ అడుగుతున్నా. ఈ ఉత్తరం చివరిదాకా చదువు. ఫోన్ చేస్తే "బానే ఉన్నా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తున్నావు, ఇంకేం చెయ్యను? నాన్న ప్రింట్ తీసి నీ కిట్ బ్యాగ్‌లో పెడతారు.

అమ్మమ్మ కంటి ఆపరేషన్ బాగా అయింది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద మహారాణిలా కూర్చుని "వాడు గెలిచాడా?" అంది. "వాడు దిగేటప్పటికి గెలుస్తూనే ఉన్నారమ్మా" అన్నాను. "మధ్యలో దిగడమేమిటే, అదేమన్నా బస్సా?" అంది.

ఆవిడకి తెలిసింది క్రికెట్. అందులో కెప్టెన్ బంతి లాక్కున్నా రెండో స్పెల్ మీద ఆశ ఉంటుంది. మీ బేస్‌బాల్‌లో అలా కాదు, మామూలుగా పిచర్ (బంతి వేసేవాడు) మ్యాచ్‌లోంచి బయటికొచ్చాడంటే ఇక అంతే. అందుకే పిచర్‌ని దించే నిర్ణయం అంత బరువు. శనివారం మ్యాచ్‌లో కోచ్ నిన్ను మధ్యలో దించినప్పట్నుంచి ఒకటే మాట మీద ఉన్నావట: "ఊపు మా వైపుంది, కోచ్ చేతులారా పోగొట్టాడు."

2020 అక్టోబర్ 27 గుర్తుందా? కోవిడ్ వల్ల ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్ మ్యాచ్‌లు) మొత్తం మనింటికి అరగంట దూరంలో, ఆర్లింగ్టన్‌లోనే ఆడారు. 40 వేలు పట్టే స్టేడియంలో 11 వేల పైచిలుకు మందినే రానిచ్చారు. మనం టీవీ ముందే. నీకప్పుడు పన్నెండేళ్లు. టాంపా బే రేస్ జట్టు పిచర్ బ్లేక్ స్నెల్ అంటే ప్రాణం, నీలాగే ఎడమచేతి వాటం కదా. (నీ చేత కుడిచేత్తో బంతి వేయించమని అమ్మమ్మ రెండేళ్లు పోరింది.)

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఆరో మ్యాచ్ అది. ఓడితే రేస్ ఇంటికే. 1-0తో ముందున్నారు. స్నెల్ 73 బంతులేశాడు, 9 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుట్). డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురూ అతన్ని తలో రెండుసార్లు ఎదుర్కొని ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక అవుటయ్యాక బార్న్స్ ఒక సింగిల్ కొట్టాడు. స్నెల్ ఇచ్చిన రెండో హిట్ అది. అంతే, రేస్ మేనేజర్ కెవిన్ క్యాష్ డగౌట్ లోంచి లేచి వచ్చేశాడు. స్నెల్ నోట్లోంచి వచ్చిన మాట టీవీలో వినపడకపోయినా పెదాలు చూస్తే తెలిసిపోయింది. నువ్వు విసిరిన దిండు తగిలి మరమరాల గిన్నె బోర్లా పడింది. ఆ తర్వాత స్నెల్ బదులు నిక్ యాండర్సన్ వచ్చాడు, బెట్స్ డబుల్ కొట్టాడు, ఒక వైల్డ్ పిచ్ (అదుపు తప్పిన బంతి), ఒక గ్రౌండర్... ఆ ఇన్నింగ్స్‌లోనే డాడ్జర్స్ 2-1. చివరికి 3-1. 1988 తర్వాత వాళ్లకి మళ్లీ కప్పు. స్నెల్‌ని తీసేయడం చూసి సంతోషమేసిందని బెట్స్ తర్వాత దాచుకోకుండా చెప్పాడు కూడా.

మీ నాన్న ఇప్పటికీ క్యాష్‌ని "ఎక్సెల్ షీటు" అనే పిలుస్తారు. నాకు మాత్రం ఆయన లెక్క తప్పనిపించదు. ఒకే బ్యాటర్ ఒకే పిచర్‌ని మూడోసారి చూసేసరికి బంతి ఎటు తిరుగుతుందో వాడి కంటికి అలవాటైపోతుంది. బెట్స్‌కి, సీగర్‌కి ఆ మూడో అవకాశం ఇవ్వకూడదనుకున్నాడు. అంతకుముందు ఏడాదికి పైగా స్నెల్ ఏ మ్యాచ్‌లోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. నేను తప్పుపట్టేది బుల్‌పెన్ (మిగతా పిచర్లు సిద్ధంగా ఉండే చోటు) లోంచి ఎవర్ని పిలిచాడన్నదాన్ని. యాండర్సన్ అప్పటికి వరసగా ఆరు మ్యాచ్‌ల్లో పరుగులిచ్చి ఉన్నాడు, పాపం చెయ్యి అలిసిపోయింది. అలిసిపోనివాణ్ణి దించి అలిసిపోయినవాణ్ణి తెచ్చారు.

రెండ్రోజుల ముందు ఐదో మ్యాచ్‌లో ఏమైందో ఎవరికీ గుర్తుండదు. డాడ్జర్స్ పిచర్ కెర్షా (మన డాలస్ పిల్లాడే) బంతి వేస్తున్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో రేస్ ఆటగాడు మార్గో ఏకంగా హోమ్ దొంగిలించబోతే (ఎవరూ కొట్టకుండానే పరుగెత్తి హోమ్ ప్లేట్ చేరబోతే), చివరి క్షణంలో చూసుకుని విసిరి అవుట్ చేశాడు. ఆరో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల ఆధిక్యంతో చకచకా రెండు అవుట్లు తీశాడు. 85 బంతులు. అప్పుడు డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్ వచ్చి దించేస్తే సొంత అభిమానులే హోరున గోల చేశారు. డస్టిన్ మే వచ్చి ఆ ఇన్నింగ్స్ ముగించాడు, 4-2తో గెలిచారు. క్యాష్ చేసిందీ అదే పని. రాబర్ట్స్‌ని మాత్రం తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇక ఊపు సంగతి. అంతకుముందు రోజు, నాలుగో మ్యాచ్‌లో, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు, రెండు స్ట్రైకులు అయ్యాక రేస్ బ్యాటర్ ఫిలిప్స్ కొట్టిన సింగిల్‌కి డాడ్జర్స్ బంతి రెండుచోట్ల జారవిడిచారు. రేస్ ఆటగాడు అరొజరేనా పరుగెత్తుతూ దారిలో బోర్లాపడి లేచి, హోమ్ ప్లేట్ మీదికి దూకి అరచేత్తో టపటపా కొట్టాడు. రేస్ 8-7. సిరీస్ 2-2. ఊపంటే అంతకన్నా ఏముంటుంది? మర్నాడు కెర్షా చేతికి బంతి వచ్చేసరికి అదెటు పోయిందో! ఆ సిరీస్‌లో రేస్ మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో ఇప్పుడు విను. నీకు కోపం రావాల్సింది ఇక్కడే.

బుధవారం రాత్రి పదకొండింటికి వంటింట్లోకొచ్చి ఫ్రీజర్ లోంచి బఠాణీల ప్యాకెట్ తీసి మోచేతికి పెట్టుకున్నావు. "నాన్నకి చెప్పకు" అన్నావు. నాన్నకి చెప్పలేదు. శనివారం మ్యాచ్‌కి ముందు మీ కోచ్‌కి చెప్పాను. ఆయన ఒక నిమిషం నేలకేసి చూసి, "85 బంతులు దాటనివ్వను. కౌంట్ మీరే చూస్తున్నారుగా, నాకు సైగ చెయ్యండి" అన్నారు. 110 దాకా వేయించొచ్చని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

నా చేతిలో బంతులు లెక్కపెట్టే క్లిక్కర్ ఉంది. ఐదో ఇన్నింగ్స్ నుంచి ప్రతి బంతికీ ముందు నువ్వు మోచెయ్యి ఒకసారి దులుపుకోవడం చూశాను. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్, స్కోరు 3-1, నీ 84వ బంతి. ఆయన నా వైపు చూశారు. ముందు ఎనిమిది వేళ్లు, తర్వాత నాలుగు వేళ్లు చూపించాను. ఆయన మౌండ్ (నువ్వు బంతి వేసే గుట్ట) వైపు నడిచారు. నీ తర్వాత వచ్చినవాడు ఇద్దరిని చెడ్డ బంతులతో ఊరికే మొదటి బేస్‌కి నడిపించి, ఆపైన కొట్టించుకున్నాడు. 5-3తో ఓడిపోయారు.

పార్కింగ్‌లో ఇద్దరు ముగ్గురు తండ్రులు ఆయన్ని పట్టుకుని నానా మాటలూ అన్నారు. ఆయన నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. ఆయన పెట్టిన మెసేజ్‌కి మూడు రోజులుగా నువ్వు జవాబివ్వలేదని నాన్న చెప్పారు.

నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి. పొద్దున ఆరింటికల్లా లేచి డాబా మీద ఉంటాను, నీకప్పుడు రాత్రి ఏడున్నర. గురువారం డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, నాన్న తీసుకెళ్తారు, పేచీ పెట్టకు. ఆ బఠాణీల ప్యాకెట్ మళ్లీ ఫ్రీజర్‌లోనే పెట్టాను, పులావులో వేసేయొద్దని నాన్నకి చెప్పు.

అమ్మ