లైసెన్సు ఇస్తే నేరం పోతుందా? మా పాలమూరు కల్లు కాంపౌండ్లు చూసి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గంజాయిని, మిగతా మత్తు పదార్థాలను చట్టబద్ధం చేస్తే నేరాలు తగ్గుతాయా పెరుగుతాయా అని మీ పేజీలో కొన్నాళ్లుగా చర్చ నడుస్తోంది. రెండు వైపుల వాళ్లు రాసినవీ చదివాను. అమ్మకం ప్రభుత్వం చేతికి వస్తే ముఠాలకు పని ఉండదు, జైళ్లలో రద్దీ తగ్గుతుంది, పైగా పన్ను వస్తుంది అని ఒకరు. గేట్లు ఎత్తేస్తే పిల్లలు చేతికి రాకుండా పోతారు, శిక్షలు ఇంకా పెంచాలి అని ఇంకొకరు. ఇద్దరూ అమెరికా, కెనడా, థాయ్‌లాండ్ గురించి రాశారు గానీ ఎవరూ మహబూబ్‌నగర్ పేరెత్తలేదు. మత్తును లైసెన్సు పెట్టి అమ్మితే ఏమవుతుందో మా జిల్లా ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉంది. నేను జడ్చర్లలో మందుల దుకాణం నడుపుతాను, ఫార్మసీ చదువుకున్నాను, అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా రాయాలనిపించింది.

మా దగ్గర కల్లు చట్టబద్ధమే. చెట్లకు లెక్క ఉంది, కల్లు గీసేవాళ్ల సంఘానికి (గీత సొసైటీకి) లైసెన్సు ఉంది, తనిఖీకి ఎక్సైజ్ వాళ్లున్నారు, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపే పద్ధతీ ఉంది. ఇన్ని ఉన్నా సీసాలో పోసేదంతా చెట్టు కల్లు కాదని తాగేవాళ్లకే తెలుసు. నిఖార్సైన ఈతకల్లైనా తాటికల్లైనా దించిన కొద్ది గంటలకే పులిసిపోతుంది, చెట్టు ఇచ్చే కాలం దాటితే దొరకనే దొరకదు. మరి కల్లు అమ్మే కాంపౌండ్లలో ఏడాది పొడవునా పెట్టెలకు పెట్టెలు ఎట్లా వస్తోంది? చెట్లు ఇచ్చేదానికీ సీసాల్లో పోసేదానికీ మధ్య తేడాను నీళ్లతో, తీపితో, మందుతో పూడుస్తారు. ఆ మందు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత అందరూ డైజోఫాం అని పిలిచే డయాజెపాం, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం.

ఈ అల్ప్రాజోలం ఎంత చిన్న మోతాదులో పనిచేస్తుందో చాలామందికి తెలియదు. టెన్షన్‌తో నిద్ర పట్టనివాళ్లకు డాక్టర్ రాసే గోలీలో అది మిల్లీగ్రాములో పావు వంతో సగమో ఉంటుంది. షెడ్యూల్ హెచ్1 కింద ఉన్న మందు, డాక్టర్ చీటీ లేనిదే మేం ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అదే మందు దొంగగా తయారై పొడి రూపంలో కిలోల లెక్కన వచ్చి, తూకం లేకుండా చేతి అంచనా మీద డ్రమ్ములో కలుస్తుంది. చేయి కాస్త ఎక్కువ పడితే ఊపిరి ఆగిపోవచ్చు కూడా. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి అంతమంది చనిపోయినప్పుడు శాంపిళ్లలో బయటపడింది ఇదే. మత్తు పదార్థాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వ్యాపారం కోసం పెట్టుకున్నంత (వాణిజ్య పరిమాణం) కింద లెక్క, పదేళ్లకు తక్కువ కాకుండా జైలు. అంత శిక్ష ఉంది, దుకాణానికి లైసెన్సూ ఉంది, అయినా వ్యాపారం ఆగలేదు. లైసెన్సు దుకాణమే దొంగ సరుకుకు తలుపయింది. గంజాయికి దుకాణాలు తెరిస్తే దొంగ వ్యాపారం దానంతటదే చచ్చిపోతుందని రాసినవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

దాడులు జరిగి కాంపౌండ్లు మూతపడితే రెండు మూడు రోజుల్లో మా కౌంటర్ దగ్గర పరిస్థితి మారిపోతుంది. ఆ మధ్య ఒక పెద్దమనిషి వచ్చాడు, పుణెలో సెంట్రింగ్ పని చేసి తిరిగొచ్చినవాడు, గోళ్ల సందుల్లో సిమెంట్ ఇంకా పోలేదు. పది రూపాయల నోటు పట్టుకోవడానికి కూడా చేతులు కుదరడం లేదు, గాజు కౌంటర్ మీద పెట్టిన చెయ్యి టకటకా కొట్టుకుంటోంది. రాత్రి ఫిట్స్ వచ్చినట్టుంది, కింది పెదవి కొరుక్కుని వాచిపోయింది. "సేటూ, రెండు నిద్ర గోలీలియ్యి, కన్ను మూయక నాలుగు రోజులాయె" అంటున్నాడు. వెనకాల నిలబడ్డ భార్య, "కల్లు బందైంది గద సార్, రాత్రంత గోడతోని మాట్లాడిండు" అంది. చీటీ లేకుండా నేను ఇవ్వలేను, ఇవ్వనంటే ఆయన ఎక్కడికి పోతాడో కూడా తెలుసు. ఆటో మాట్లాడి జిల్లా ఆసుపత్రికి పంపించాను. ఏళ్ల తరబడి ఈ మందు ఒంట్లోకి పోయినవాళ్లకు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు, డాక్టర్ కనుసన్నల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం బారులు తీరింది ఇందుకే. ఆ మనిషికి తాను మత్తుమందు వాడుతున్నానన్న సంగతే తెలియదు. కూలి పని చేసి ఒళ్లు నొప్పులకు సాయంత్రం రెండు సీసాల కల్లు తాగుతున్నాననే అనుకున్నాడు.

ఇంత చెప్పానని నేను రెండో వైపు వాళ్లతో ఉన్నానని అనుకోవద్దు. నిషేధం పెడితే ముఠాలు పుడతాయన్నది నిజం, దానికి అమెరికాలో 1920 నుంచి 1933 దాకా జరిగింది చదవాల్సిన పని కూడా లేదు. 1995 జనవరి 16న ఎన్‌టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు మా జిల్లాకు కర్ణాటక సరిహద్దు ఎంత దగ్గరో అందరికీ కొత్తగా తెలిసొచ్చింది. రాయచూరు వైపు నుంచి సీసాలు వచ్చేవి, తండాల్లో గుడుంబా (నాటుసారా) బట్టీలు లేచాయి. ఆ నిషేధం కోసం కొట్లాడిన ఆడవాళ్ల కష్టం నిజమైనదే, వాళ్లను నేను ఒక్క మాట అనను, కానీ 1997కల్లా ప్రభుత్వమే ఎత్తేయాల్సి వచ్చింది.

ఇప్పుడు గంజాయి కథ 65వ నంబర్ జాతీయ రహదారి మీద నడుస్తోంది. ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు, విశాఖ ఏజెన్సీ కొండల్లో పండిన సరుకు కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ చేరి అక్కడి నుంచి మహారాష్ట్రకు పోతుంది. కార్ల సీట్ల కింద, లారీల్లో పండ్ల కిందా కూరగాయల కిందా దొరికిందని పంతంగి టోల్‌గేట్ పేరుతో ఎన్ని వార్తలు మీ నల్లగొండ ఎడిషన్‌లోనే రాలేదు? పట్టుబడేది ఎవరు? డ్రైవర్, పక్కన కూర్చున్న కుర్రాడు, ట్రిప్పుకు ఇంతని కూలికి ఒప్పుకున్నవాడు. 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, అదే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 37వ సెక్షన్ వల్ల బెయిల్ రావడం కూడా గగనమే. డబ్బు పెట్టినవాడు ఇంకో రాష్ట్రంలో ఇంకో కుర్రాడిని వెతుక్కుంటాడు. కొన్నచోటికీ అమ్మినచోటికీ ధర అన్ని రెట్లు పెరుగుతున్నంత కాలం కూలీ దొరుకుతూనే ఉంటాడు.

ఇక తాగి దొరికిన పిల్లల సంగతి. ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు గానీ పది వేల దాకా జరిమానా గానీ, లేదా రెండూ. శిక్ష చిన్నదే అనిపిస్తుంది, కేసు మాత్రం చిన్నది కాదు. మా పక్కనే పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలున్నాయి, ఐటీఐ, డిగ్రీ చదివిన మా పిల్లలకు దగ్గరలో దొరికే ఉద్యోగాలు అవే. పోలీస్ వెరిఫికేషన్‌లో కేసు కనపడితే ఎవరు తీసుకుంటారు? ఉద్యోగం రాని ఆ పిల్లవాడు చివరికి ఎవరి దగ్గర పనికి చేరతాడు? వాడికి ప్యాకెట్ అమ్మినవాడి దగ్గరే. చట్టం నేరాన్ని తగ్గించాలి గానీ నేరగాడిని తయారు చేసి ఇవ్వకూడదు కదా.

అందరూ చెప్పే పోర్చుగల్ గురించి ఒక మాట. 2001లో అక్కడ మత్తును చట్టబద్ధం చేయలేదు, దుకాణాలు పెట్టలేదు. సొంతానికి పది రోజులకు సరిపడేంత లోపు దొరికితే అది క్రిమినల్ నేరం కాదన్నారు, అలా దొరికినవాణ్ని కోర్టుకు కాకుండా ఒక కమిషన్ ముందుకు పంపుతారు, వాళ్లు మాట్లాడి అవసరమైతే చికిత్సకు పంపుతారు. అమ్మేవాడికి జైలు జైలే. అక్కడ సూదులతో వచ్చే హెచ్‌ఐవీ కేసులు బాగా తగ్గాయి. అదే పని అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2020లో ఓటు వేసి మరీ మొదలుపెట్టింది గానీ చికిత్స ఏర్పాట్లు అందుకు తగ్గట్టు ముందే లేవు, వీధుల్లో బహిరంగంగా వాడకం మీద జనం విసిగిపోయారు, 2024 సెప్టెంబర్ నుంచి మళ్లీ నేరంగా మార్చుకున్నారు. థాయ్‌లాండ్ 2022లో గంజాయిని వదిలేసి 2025లో డాక్టర్ చీటీ ఉండాలంది. కాలిఫోర్నియాలో దుకాణాలున్నా, పన్నులు కట్టి అమ్మే సరుకు కంటే దొంగ సరుకు చవక కాబట్టి దొంగ తోటలు పోలేదు. మా సీసా కల్లు లెక్కా ఇంచుమించు అదే.

నేరం అంటే ముఠాలు, అక్రమ రవాణా మాత్రమే కాదు, మత్తులో ఇంట్లో జరిగేది కూడా. మద్యం చట్టబద్ధమే కదా, 44వ నంబర్ రోడ్డు మీద తాగి నడిపి చంపినవాళ్ల లెక్క, రాత్రిపూట భార్య మీద చెయ్యి చేసుకునేవాళ్ల లెక్క చట్టబద్ధత వల్ల తగ్గిందా? 2019లో ఎయిమ్స్ వాళ్లు కేంద్రానికి ఇచ్చిన సర్వేలో దేశంలో మద్యం తాగేవాళ్లు 16 కోట్లు, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 3.1 కోట్లు అని తేలింది. దుకాణం తెరిస్తే ఆ రెండో అంకె మొదటి అంకె వైపు నడవదని నాకు నమ్మకం లేదు. పైగా ప్రభుత్వానికి ఒకసారి ఆదాయం రుచి తగిలితే వెనక్కి రాదు. మన రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలకు 2023లో దరఖాస్తు రుసుముల మీదే 2,600 కోట్లకు పైగా వచ్చింది. అంత డబ్బు వచ్చే చోట బెల్టుషాపులను ఎవరు గట్టిగా అడుగుతారు?

కాబట్టి నా మాట ఇది. దుకాణాలు వద్దు, తాగినవాడికి జైలూ వద్దు. పోలీసు బలమంతా పొడి తయారు చేసేవాడి మీద, డబ్బు పెట్టేవాడి మీద పెట్టండి, ఊళ్లో ప్రతివాడికీ ఎవరు ఏమిటో తెలుసు. కాంపౌండ్ మీద దాడి చేసే ముందు రోజే జిల్లా ఆసుపత్రిలో మంచాలు, ఫిట్స్ మందులు, మానసిక వైద్యుడు సిద్ధంగా ఉండాలి, మత్తు ఆపేయడం వల్ల మనిషి చచ్చిపోతే అది కూడా మన చేతిలో పోయిన ప్రాణమే.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురు చూడక్కర్లేదు. ఎన్‌డీపీఎస్‌లోనే 64ఎ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు తాగిన కేసులోనో చిన్న మొత్తం దొరికిన కేసులోనో ఇరుక్కుంటే, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తారు. నేను మాట్లాడిన తల్లిదండ్రుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు, బెయిల్ కోసం వడ్డీకి అప్పులు తెచ్చినవాళ్లున్నారు వాళ్లలో. స్థలం చాలకపోతే పైన రాసిందంతా తీసేసినా నాకు అభ్యంతరం లేదు, ఈ 64ఎ సంగతి, మత్తు మాన్పించడానికి కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ నంబర్ 14446 మాత్రం జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా