ఎముకకి ముడి వేశాను

ఒరేయ్ గోడమీది పిల్లీ,

నీ రెండు ఉత్తరాలకీ కలిపి ఒకటే జవాబు, తిట్టుకోకు. పరీక్షలు, టెన్షన్, మధ్యలో జలుబు. ఇంట్లో అందరూ కులాసా. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నిన్న అనాటమీ ల్యాబ్‌లో ఎముకకి ముడి వేశానురా! నిజం ఎముకే. ఫిబ్యులా అని, మోకాలి కింద బయటివైపు సన్నగా పొడుగ్గా ఉంటుంది. మేడమ్ జాడీలోంచి తీసి నా చేతిలో పెట్టారు. చూడ్డానికి గుబ్బలూ అంచులూ అన్నీ మామూలుగానే ఉన్నాయి. పట్టుకుంటే మాత్రం తడి రబ్బరు గొట్టం! గ్లవ్స్‌లోంచి జారిపోతోంది. "ముడెయ్" అన్నారు. సగం వేసి వదిలితే దానంతటదే విప్పుకుంది. రెండోసారి బిగించాను, పడింది.

పలచటి ఆసిడ్‌లో కొన్నాళ్ళు నానబెట్టారట. కాల్షియం లవణాలు కరిగిపోయి కొలాజెన్ పీచు మిగిలింది. పక్క ట్రేలో బాగా కాల్చిన ముక్క ఉంది. దాంట్లో పీచు పోయి లవణాలే మిగిలాయి. సుద్దముక్కలా తెల్లగా ఉంది, వేలితో నొక్కితే పొడి. వంగేవాడొకడు, విరిగేవాడొకడు. మనిద్దరిలో ఎవరు ఏదో నువ్వే చెప్పు.

ఎవరిదో కాలు కదా అది. ఒకప్పుడు దాని మీద నిలబడి... సరే, వదిలెయ్.

ఆ ఫిబ్యులా కింది చివర ఏమిటో తెలుసా? నీ చీలమండ బయటి గుబ్బ! గోడ దూకిన రోజు నీకు తెగింది దాన్ని పట్టుకుని ఉండే లిగమెంటే, అంటే ఎముకనీ ఎముకనీ కలిపి కట్టే పట్టీ. నా మణికట్టు విరిగితే ఆరు వారాల్లో కట్టు విప్పేశారు. నువ్వు ఆర్నెల్లు కుంటావు. "వట్టి బెణుకే, నాటకాలు" అన్నాను. తప్పైపోయిందిరా. ఎముకలో రక్తనాళాలు బోలెడు, విరిగిన చోట మళ్ళీ అచ్చం ఎముకే పుడుతుంది. లిగమెంట్‌కి రక్తం అంతంతమాత్రం. అతుక్కున్నా మచ్చలా అతుక్కుంటుంది, మునుపటి బిగి రాదు. కీళ్ళలో ఉండే మృదులాస్థికైతే రక్తనాళాలే లేవు, దానిది మరీ అన్యాయం.

ఇంకోటి, మెడలో హయాయిడ్ అని ఉంది. 206 ఎముకల్లో ఏ ఎముకతోనూ కీలు లేనిది అదొక్కటే. కండరాలూ లిగమెంట్ల మీద వేలాడుతుంది. వెంటనే ఎవరితోనూ కలవని మన 'సన్యాసి' గుర్తొచ్చి వైవాలో, అదే నోటి పరీక్షలో, నవ్వేశాను, దాంతో ఏమైందంటే...

అయ్యో, గంట కొట్టేశారు. ఎముకల పెట్టె తిరిగి ఇచ్చెయ్యాలి, ఒకటి తక్కువొస్తోంది. ఉంటానురా!